మోతీ, జమర్రుద్, యాకుత్: హైదరాబాద్ పాత టాకీసుల కథ

ముత్యాన్ని ఉర్దూలో మోతీ అంటారు. పచ్చను జమర్రుద్ అని, కెంపును యాకుత్ అని అంటారు. ఒకప్పుడు హైదరాబాద్‌లో ఈ మూడు రత్నాల పేర్లతో మూడు సినిమా హాళ్లు ఉండేవి. సుల్తాన్ బజార్ వైపు మోతీ మహల్, ఆబిడ్స్‌లో జమర్రుద్ మహల్, పాతబస్తీ యాకుత్‌పురాలో యాకుత్ మహల్. మొదటి రెండూ ఇప్పుడు పెద్దవాళ్ల మాటల్లోనే వినిపిస్తాయి. మూడోది పాత హిందీ సినిమాలు తక్కువ టికెట్టుకు చూపిస్తుందని పేరు తెచ్చుకుంది.

సినిమా చూడటం తగునా కాదా అన్న చర్చ మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. దానికి తీర్పు చెప్పటం ఈ వ్యాసం పని కాదు. చూసినవాళ్లకూ చూడనివాళ్లకూ ఈ టాకీసులు మొహల్లా చరిత్రలో భాగమే. ఆ చరిత్రే ఇక్కడ చూద్దాం.

నిజాం కాలంలో తెర

హైదరాబాద్‌లో సినిమా మూకీల కాలంలోనే మొదలైంది. బెంగాల్‌కు చెందిన ధీరేన్ గంగూలీ 1920లలో ఇక్కడికి వచ్చి లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి మూకీ చిత్రాలు తీశారు. 1924లో 'రజియా బేగం' సినిమా ప్రదర్శనతో గొడవ వచ్చింది. ముస్లిం రాణి, హిందూ యువకుడి ప్రేమ అందులోని కథ. నిజాం ప్రభుత్వం ఆయన్ను రాజ్యం వదిలి పొమ్మన్నది. సినిమా కథ మీద గొడవలు ఇప్పుడే పుట్టాయనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

1931లో 'ఆలం ఆరా' రావటంతో హిందుస్తానీ మాటలు తెర మీద వినిపించాయి. 1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు కూడా మాట్లాడింది. ఉర్దూ, తెలుగు రెండూ తెలిసిన మన నగరానికి రెండు రకాల సినిమాలూ సొంతమయ్యాయి. బొమ్మకు మాట వచ్చింది కాబట్టి హాలు పేరుకు 'టాకీసు' తోడైంది. ఆ మాట ఇప్పటికీ పోలేదు.

నిజాం రాజ్యం 1948లో ముగిసినా సినిమా వ్యాపారంలో ఆ పేరు ఉండిపోయింది. పంపిణీదారులు తెలంగాణను ఈనాటికీ 'నైజాం ఏరియా' అనే అంటారు. హిందీ సినిమాల లెక్కలో అయితే పాత హైదరాబాద్ రాజ్యంలోని మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు కూడా నైజాం సర్క్యూట్ కిందికే వస్తాయి.

జనానా తరగతి, 1936 మంటలు

ఆ రోజుల్లో పర్దా పాటించే స్త్రీల కోసం హాళ్లలో జనానా విభాగం విడిగా ఉండేది. మా నానీ చెప్పేది: రిక్షాకు చుట్టూ చీర కట్టించి, నేరుగా జనానా గుమ్మం దగ్గర దిగేవారట. ఇంటి గడప దాటటానికి సినిమా ఒక అరుదైన అవకాశం. హాల్లో ఇరుగుపొరుగు కలిసేవారు, పెళ్లి సంబంధాల ముచ్చట్లు కూడా అక్కడే జరిగేవి.

ఈ కథలో ఒక దుఃఖం కూడా ఉంది. 1936లో మోతీ మహల్‌లో అగ్నిప్రమాదం జరిగి 14 మంది స్త్రీలు ప్రాణాలు కోల్పోయారు. అప్పటి ఫిల్ము నైట్రేట్‌తో తయారయ్యేది. ఒకసారి అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. అందుకే ప్రొజెక్టర్ గదికి మందపాటి గోడలు, లైటు బయటికి వచ్చే కిటికీలకు ఇనుప మూతలు పెట్టేవారు. 1950ల నుంచి తేలిగ్గా అంటుకోని ఫిల్ము వాడుకలోకి వచ్చింది. అయినా బయటికి పోయే దారులు, ఫైర్ అనుమతి లేకుండా హాలుకు లైసెన్సు ఎందుకు ఇవ్వకూడదో ఆ 14 ప్రాణాలను తలుచుకుంటే అర్థమవుతుంది.

హాలు లోపల

పాత టాకీసులో తెరకు దగ్గరగా నేల, దాని వెనక బెంచి, ఆ వెనక కుర్చీ, పైన బాల్కనీ. టికెట్టు ధరను బట్టి మనిషి కూర్చునే చోటు మారేది. కూలి పని చేసేవాడూ, దుకాణం సేటూ ఒకే కప్పు కింద ఒకే పాట వినేవారు.

ఫిల్ము వెయ్యి అడుగుల రీళ్లుగా వచ్చేది. ఒక రీలు సుమారు 11 నిమిషాలు నడుస్తుంది. రెండున్నర గంటల సినిమాకు 14 రీళ్ల దాకా కావాలి. రెండు కార్బన్ కడ్డీల మధ్య పుట్టే మంట వెలుగుతో బొమ్మ తెర మీద పడేది. కడ్డీ కాలిపోతూ ఉంటే ఆపరేటర్ దాన్ని సరిచేస్తూనే ఉండాలి, లేదంటే బొమ్మ మసకబారి ఈలలు మొదలవుతాయి. ఒకే ప్రింటును రెండు హాళ్లు పంచుకునే రోజుల్లో రీళ్ల పెట్టె సైకిల్ మీద పరుగు పెట్టేది. పెట్టె ఆలస్యమైతే ఇంటర్వెల్ పొడుగయ్యేది.

మన కథలు తెర మీద

పాతబస్తీ హాళ్లలో 'ముస్లిం సోషల్' అనే రకం సినిమాలకు ప్రత్యేక గిరాకీ ఉండేది. 'చౌధ్వీం కా చాంద్' (1960), 'మేరే మెహబూబ్' (1963), 'పాకీజా' (1972), 'నికాహ్' (1982) ఆ కోవలోవే. వాటిలో నవాబులు, షాయరీ ఎక్కువ. మొహల్లా బతుకు తక్కువ. 1982లో వచ్చిన సాగర్ సర్హదీ 'బాజార్' మాత్రం హైదరాబాద్ గాయాన్నే చూపించింది. గల్ఫ్ డబ్బున్న పెద్ద వయసు మనిషికి పేదింటి అమ్మాయిని కట్టబెట్టే కథ అది. ఇక్కడి దక్కనీ మాట తెర మీద నవ్వులు పూయించింది 'ది అంగ్రేజ్'తో. చార్మినార్ దగ్గర కూర్చుని కబుర్లు చెప్పే మన కుర్రాళ్లూ అందులో ఉన్నారు.

రమజాన్‌లో హాళ్లు బోసిపోయేవి. ఈద్ రాగానే కొత్త బట్టలు, ఈదీ డబ్బులతో పిల్లలు టికెట్ కిటికీ ముందు వరుస కట్టేవారు.

ఎందుకు పడిపోయాయి?

దెబ్బలు ఒకదాని వెనక ఒకటి తగిలాయి. 1980లలో గల్ఫ్ నుంచి వచ్చిన వీసీఆర్‌లతో సినిమా ఇంట్లోకి వచ్చింది. ముందు ఆడవాళ్లు హాలుకు రావటం తగ్గింది. వాళ్లు తగ్గాక కుటుంబాలు తగ్గాయి, మిగిలింది కుర్రాళ్లే. 1990లలో కేబుల్ టీవీ, 2003లో ప్రసాద్స్ ఐమాక్స్, ఆ తర్వాత మాల్స్‌లో మల్టీప్లెక్సులు. 2020 మార్చిలో కోవిడ్‌తో హాళ్లు మూతపడ్డాయి. చాలామంది ఫోన్‌లో సినిమాకు అలవాటుపడ్డారు. 2024 మేలో జనం లేక తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు పది రోజులు షోలు ఆపుకున్నాయి.

బీకాం చదివినవాణ్ణి కాబట్టి ఒక చిన్న లెక్క వేసి చూపిస్తాను. ఉదాహరణకు 800 సీట్ల హాలు. ఆటకు 100 మంది, టికెట్టు 40 రూపాయలు అనుకుందాం. ఆటకు 4,000, రోజుకు నాలుగు ఆటలకు 16,000. ఇందులోంచే జీఎస్టీ, సినిమా అద్దె, కరెంటు, సిబ్బంది జీతాలు, ఆస్తి పన్ను పోవాలి. మిగిలేది ఎంతో మీరే ఊహించండి. సీట్లు 800 నిండినా 100 నిండినా హాలు ఊడ్చే ఖర్చు, ఫ్యాన్ల ఖర్చు పెద్దగా తగ్గదు. అదే స్థలంలో షాపింగ్ కాంప్లెక్సో ఫంక్షన్ హాలో కడితే ప్రతి నెలా అద్దె వస్తుంది. వారసులు నలుగురైదుగురు ఉన్న ఇంట్లో పంపకాల మాట వచ్చినప్పుడు హాలు నిలబడటం కష్టం.

పన్ను విషయంలో కొంత ఊరట ఉంది. 100 రూపాయలలోపు టికెట్టుపై జీఎస్టీ 2017లో 18 శాతం. 2019లో 12 శాతానికి, 2025 సెప్టెంబర్‌లో 5 శాతానికి దిగింది. అయితే సీట్లు ఖాళీగా ఉంటే పన్ను తగ్గినా ఉపయోగం అంతంతే. సినిమాకు నిర్ణీత అద్దె కాకుండా వసూళ్లలో వాటా పద్ధతి కావాలని 2025లో రెండు తెలుగు రాష్ట్రాల థియేటర్ యజమానులు అడిగింది అందుకే. జనం రాకపోతే నష్టం తామొక్కరే ఎందుకు మోయాలన్నది వాళ్ల ప్రశ్న.

ఏం పోతుంది?

మల్టీప్లెక్సులో నలుగురు సినిమా చూసి, పాప్‌కార్న్ కొంటే ఆటో నడిపే మనిషి రోజు సంపాదన అయిపోతుంది. టాకీసు మూతపడితే ఆ ఇంటికి పెద్ద తెర మూసుకుపోయినట్టే. గేట్ కీపర్, ఆపరేటర్, సైకిల్ స్టాండ్ కుర్రాడు, సమోసా అమ్మే చాచా, వీళ్లకు మరో మాల్‌లో ఉద్యోగం దొరకదు.

సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ టాకీసు ఇప్పుడు లేదు. దాని ఆవరణలో 1953లో చిన్న కేఫ్‌గా మొదలైన హోటల్ మాత్రం బిర్యానీతో ఊరంతా తెలుసు, చౌరస్తాకు కూడా అదే పేరు. సంగీత్ థియేటర్‌ను కూల్చేసినా బస్సు కండక్టర్ ఇంకా "సంగీత్, సంగీత్" అనే అరుస్తాడు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఈ ఆదివారం ఒక మాట అడగండి: మీరు ఏ హాలుకు వెళ్లేవారు, జనానా గుమ్మం ఎటువైపు ఉండేది, టికెట్టు ఎంత? పాత టికెట్టు ముక్క, హాలు ముందు దిగిన ఫొటో ఉంటే పారేయకండి. వెనక తేదీ, పేరు రాసి దాచండి. మొహల్లా చరిత్రలో చాలా భాగం ఇలాంటి ఇనప్పెట్టెల్లోనే ఉంది.