సారు "పాణి" అన్న రోజు

మాది మాక్లూర్ దగ్గర తండా. ఒకటో తరగతిలో "నీళ్లు" అని సారు ఎన్నిసార్లు చదివించినా నాకు అర్థం కాలె. సారు చెంబు చూపించి "పాణి" అన్నడు. ఆ రోజే బడి నాది అనిపించింది.

ఇది కొత్త పద్ధతేం కాదు. 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది. గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో వచ్చాయి. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక చదువు తల్లిభాషలో అందించే ప్రయత్నం చేయాలని 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చారు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 8 గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. అందులో మా బంజారా కూడా ఉంది. ముందు ఇంటి భాషలో చదువు, మెల్లగా తెలుగు.

పుస్తకం ఉన్నా, రెండు భాషలూ వచ్చిన టీచర్ లేకపోతే పిల్లగాడు మూగోడే. డీఎడ్ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ టీచర్ మనలోంచే రావాలె.