పాటిమన్ను కథ

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కూల్చి చూడు అని మాత్రం అనలేదు. ఎందుకంటారా? వాళ్ల కాలంలో కూల్చిన ఇల్లు ఎవరికీ బరువయ్యేది కాదు మరి!

మా హాలహర్వి వైపు పాత ఇల్లంటే మట్టిమిద్దె. రాయీ మట్టీ కలిపి లేపిన గోడలు, పైన దూలాలు, దంతెలు, వాటిమీద చౌడుమన్ను. వాన పడగానే చౌడు ఉబ్బి బిగుసుకుని చుక్క నీరు కిందికి దిగనివ్వదు. వెలుతురుకు నడినెత్తిన గవాచి. అలాంటి ఇల్లు కూలితే దూలం కొత్తింటికి, రాయి ప్రహరీకి, మన్ను మన్నులోకి పోయేవి.

పాడుబడ్డ ఊరి దిబ్బను పాటిదిబ్బ అంటారు. గోడలమన్నూ, పొయ్యిబూడిదా, పేడా ఏళ్ల తరబడి కలిసిన ఆ పాటిమన్నును రైతులు బండ్లకెత్తి చేలకు తోలుకునేవారు. తాతల ఇల్లు మనవళ్లకు జొన్నరొట్టె అయిందన్నమాట! దిబ్బలు చరిత్రా చెబుతాయి. 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు పాలమూరు జిల్లా ఉట్నూరులో బూడిదదిబ్బ తవ్వితే, అది నాలుగువేల ఏళ్లనాటి పశువుల దొడ్డి అనీ, ఆ బూడిదంతా కాలిన పేడేననీ తేలింది. మా పొరుగు బళ్లారి సీమలోనూ అలాంటి దిబ్బలున్నాయి.

మరి మన దిబ్బలో? సిమెంటు పెచ్చులూ, టైల్సు ముక్కలూ, రంగుడబ్బాలూ! ట్రాక్టరుకెత్తి వంకలో పోసేస్తే కంటికి కనబడవు గానీ, కుళ్లవు, కరగవు. సిమెంటు సున్నం నేలకు క్షారం ఎక్కిస్తుంది. అసలే మాది నల్లరేగడి, తడిస్తే నీరు ఓ పట్టాన ఇంకదు. వంక కూడా పూడితే వాననీరు ఎక్కడికి పోతుందమ్మా? మన వాకిట్లోకే!

ఈ చెత్తకోసమే కేంద్ర ప్రభుత్వం 2016లో విడిగా నిబంధనలు తెచ్చింది. హైదరాబాదులో జీడిమెట్ల దగ్గర 2020లో పెచ్చులను పిండిచేసి ఇసుకా కంకరా తీసే కేంద్రం మొదలైంది. పల్లెకు అంత యంత్రం ఇప్పట్లో రాకపోవచ్చు. అయినా మేస్త్రీతో కూలి మాట్లాడేటప్పుడే "ఈ పెచ్చులు ఎక్కడికి పోతాయన్నా?" అని మనం అడగొచ్చు కదా! ఇటుకముక్కలు పునాది నింపడానికి, తలుపులూ బండలూ మళ్లీ వాడకానికి. చీరల బేరంలో గంట నిలబడేవాళ్లం, దీనికి రెండు నిమిషాలు నిలబడలేమా?

రేపెవరైనా మన దిబ్బ తవ్వితే, వీళ్లూ ఇల్లు ఎరిగిన ఆడవాళ్లే అనుకోవాలి.