పగిలిన శీషా తారీఖ్

పోయిన నెల గుంటూరులో దగ్గరి చుట్టాల వలీమా ముగించుకుని విజయవాడ తిరిగొస్తున్నాం. నేను డ్రైవింగ్ చేస్తున్నాను. పక్కన మా ఇంటావిడ. వెనక ఎడమవైపు కిటికీ దగ్గర అమ్మీ, ఆమె ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోతున్న మా చిన్నది. కారు అబ్బా కొన్న పాత మారుతీ 800. మంగళగిరి దాటాక తుపాకీ పేలినట్టు 'ఠప్'మని శబ్దం. వెనక్కి తిరిగి చూస్తే అమ్మీ పక్క కిటికీకి శీషా లేదు. సీటంతా, అమ్మీ నల్ల బుర్ఖా అంతా, పాప జుట్టంతా తెల్లటి ముక్కలు.

అబద్ధం చెప్పను. ఆ క్షణంలో నాకొచ్చిన మొదటి ఖయాల్ ఒకటే: బుర్ఖా చూసి ఎవరో రాయి విసిరారు. ఇరవై ఏళ్లుగా డెస్కు మీద దిద్దిన వార్తలన్నీ ఒక్కసారి దిమాగ్‌లో తిరిగాయి. కారు పక్కకి ఆపి దిగేసరికి చేతులు వణుకుతున్నాయి.

రోడ్డు అంచున గడ్డి కోసే మెషీన్ పడేసి ఒక కుర్రాడు పరిగెత్తుకొస్తున్నాడు. మెషీన్ బ్లేడుకి కంకర రాయి తగిలి ఎగిరింది. అంతే. "అన్నా, చూసుకోలేదన్నా" అంటూ చేతులు జోడించాడు. నాకంటే వాడే ఎక్కువ వణుకుతున్నాడు. కాంట్రాక్టరుకి తెలిస్తే కూలి కోస్తాడట. అమ్మీ లోపలి నుంచే, "పిల్లకేం కాలేదు, పో నాయనా, నీ పని చూసుకో" అంది.

నిజంగానే పిల్లకేం కాలేదు, అల్హందులిల్లాహ్. గౌను కుచ్చుల్లోంచి, జడలోంచి ముక్కలు ఏరి తీశాం. ఒక్క గీత పడలేదు, ఒక్క చుక్క ఖూన్ రాలేదు. అప్పుడు అమ్మీ అడిగింది: "శీషా పగిలితే కోసుకోవాలి కదా బేటా? ఇదేంటి, మిశ్రీ ముక్కల్లా రాలింది?"

అమ్మీ సవాల్‌కి అక్కడికక్కడ సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబే ఈ వ్యాసం.

ముందు మాటల సంగతి. ఉర్దూ మీడియం స్కూల్లో మాకు మొహం చూసుకునేది ఆయినా, కిటికీకి ఉండేది శీషా. కాలేజీలో తెలుగు తీసుకున్నాక రెండూ 'అద్దం' అయిపోయాయి. తెలుగులో ఇంకో తమాషా ఉంది. గాజు అంటే కాంచ్, గాజు అంటే చూడీ కూడా. ఆడపిల్లల చేతికి తొడిగేదీ, పగిలితే ఆ చేతినే కోసేదీ ఒకే మాట. కారు తలుపులో గాజు మాత్రం ఈ రెండో గుణాన్ని వదిలేసింది. దాన్ని వదిలించడానికి మనుషులకి మూడు వందల ఏళ్లు పట్టింది.

ఆ కథ ఒక ఆటబొమ్మతో మొదలవుతుంది. కరిగిన గాజు చుక్కని చన్నీళ్లలో పడేస్తే తోకున్న కన్నీటి బొట్టులా గట్టిపడుతుంది. దాని తల మీద సుత్తితో కొట్టినా పగలదు. సన్నటి తోక కొస విరిస్తే మాత్రం మొత్తం బొట్టు పొడి పొడిగా పేలిపోతుంది. జర్మనీ ప్రాంతాల గాజు కారీగర్లకి ఇది ముందే తెలుసు. 1660లో ప్రిన్స్ రూపర్ట్ వీటిని ఇంగ్లండ్ తెచ్చాడు. రాజు రెండో చార్లెస్ మరుసటి ఏడాది రాయల్ సొసైటీ వాళ్లకిచ్చి సంగతేంటో తేల్చమన్నాడు. రాబర్ట్ హుక్ 1665లో అచ్చయిన తన 'మైక్రోగ్రాఫియా' కితాబులో దీని గురించి రాశాడు. పూర్తిగా మాత్రం తేలలేదు. అది పేలే తీరు కళ్లకి కనిపించింది 1994లో. కేంబ్రిడ్జ్‌లో పనిచేసే మునవ్వర్ చౌధరి, అమెరికా పర్డ్యూ యూనివర్సిటీకి చెందిన చంద్రశేఖర్ కలిసి, సెకనుకి దాదాపు పది లక్షల ఫొటోలు తీసే కెమెరాతో చూశారు. పగులు తోక నుంచి తలకి సెకనుకి దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల రఫ్తార్‌తో పరిగెడుతుంది. మంగళగిరి దగ్గర మాకు వినపడిన ఆ ఒక్క 'ఠప్' అందుకే. పగలడం ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో విడదీసి వినలేం.

ఇందులో రాజ్ ఏంటంటే, వేడి గాజుని హఠాత్తుగా చల్లారిస్తే పైపొర ముందు గట్టిపడుతుంది. లోపలిది ఇంకా వేడిగానే ఉంటుంది. అది తర్వాత మెల్లగా చల్లారి కుంచించుకుపోతూ పైపొరని లోపలికి లాగుతుంది. దాంతో పైన నొక్కుడు, లోపల లాగుడు. ఆ నొక్కుడు ఉన్నంతసేపు చిన్న చిన్న గీతలు నోరు తెరవలేవు. అందుకే మామూలు గాజు కంటే నాలుగైదు రెట్లు మజ్బూత్‌గా ఉంటుంది. వాడి రాయి ఏదైనా ఆ పైపొర దాటి లోపలి లాగుడు దాకా దిగిందా, దాచిపెట్టిన బలమంతా ఒక్కసారి బయటపడి శీషా మొత్తం అంచులు మొద్దుగా ఉన్న పలుకులై రాలిపోతుంది. అమ్మీ చూసిన మిశ్రీ ముక్కలు ఇవే.

ఆటబొమ్మని పనిలో పెట్టినవాడు ఫ్రాన్స్‌కి చెందిన రోయే ద లా బాస్తీ. 1874లో వేడి గాజుని నూనె, కొవ్వు మరిగించిన తొట్టిలో ముంచి గట్టిపరిచే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటికి మోటారు కార్లే లేవు. కార్లు వచ్చిన కొత్తలో ముందు అద్దంగా ఇంటి కిటికీకి పెట్టే సాదా గాజే పెట్టారు. యాక్సిడెంట్ అయితే దెబ్బ కంటే గాజు కిర్చీలే ఎక్కువ ప్రమాదమయ్యేవి.

దీనికి మొదటి ఇలాజ్ ఇంకో ఫ్రెంచివాడి లేబరేటరీలో దొరికింది. 1903లో ఎదువార్ బెనెడిక్టస్ చేతిలోంచో, షెల్ఫు మీద నుంచో ఒక గాజు సీసా కింద పడింది. పగిలింది గానీ ముక్కలు చెదరలేదు. అందులో ఎండిపోయిన సెల్యులోజ్ నైట్రేట్ లోపలంతా పొరలా అంటుకుని ముక్కల్ని పట్టుకుంది. రెండు గాజుల మధ్య అలాంటి పొర పెట్టి ఆయన 1909లో పేటెంట్ తీసుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో గ్యాస్ మాస్కుల కళ్లద్దాలకి ఈ రకం గాజు వాడారు. 1920ల చివర్లో ఫోర్డ్ మోడల్ ఎ లాంటి కార్ల ముందు అద్దంగా వచ్చింది. 1930ల నాటికి యూరప్ ఫ్యాక్టరీలు గాజుని ఆరువందల డిగ్రీలు దాటేదాకా వేడిచేసి రెండు వైపులా చల్లగాలి కొట్టి గట్టిపరిచే పద్ధతికి వచ్చాయి. మన కారు తలుపులోని టఫెండ్ గ్లాసు అదే.

అందుకే ఒకే కారులో రెండు రకాల శీషా ఉంటుంది. ముందుది పగిలినా ఊడిపడకూడదు, మనిషి తల బయటికి పోకుండా ఆపాలి, రాయి తగిలితే అక్కడికే మచ్చపడి మిగతా దారి కనపడాలి. పక్కది మాత్రం అవసరమైతే పగిలి దారి ఇవ్వాలి. కారు కాలువలో పడి తలుపులు తెరుచుకోకపోతే కొట్టాల్సింది ముందు అద్దాన్ని కాదు, పక్క అద్దాన్ని. నడిమధ్యలో కాదు, మూల దగ్గర, మొన ఉన్న వస్తువుతో. ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. కొన్ని ఖరీదైన కొత్త కార్లలో పక్కన కూడా పొర ఉన్న గాజు వస్తోంది. మీది ఏ రకమో మూలనున్న ముద్ర చూసి తెలుసుకోండి.

మరుసటి రోజు ఆటోనగర్ వెళ్లాను. లారీ బాడీలు కట్టడానికి పేరుపడ్డ పేట అది. మొదట అడిగిన దుకాణంలో, "పాత బండే కదా, సాదా గాజు కొలతకి కోసి పెట్టేస్తాం, నాలుగొందలు తగ్గుతుంది" అన్నారు. నిన్నటి సంగతి జరగకపోతే నేనూ సరే అనేవాణ్నేమో. కానీ పాప తల నా కళ్ల ముందుంది. ఆ కిటికీలో సాదా గాజు ఉండి ఉంటే కత్తుల్లాంటి కిర్చీలు పడేవి.

రెండో వీధిలో ఒక పెద్దాయన, ఉస్తాద్ అంటారంతా, కొత్త శీషా తెచ్చి మూలన చెక్కిన ముద్ర చూపించాడు. ఐఎస్ 2553, పక్కన ఐఎస్ఐ గుర్తు. "ఇది లేనిది తలుపులో పెట్టను సాబ్. దీన్ని మళ్లీ కొయ్యడం కుదరదు. కోస్తే మొత్తం పోతుంది. కొలత, చిల్లు, అంచు అన్నీ భట్టీలోకి పోకముందే" అన్నాడు. లా బాస్తీ పేరు ఆయనకి తెలియకపోవచ్చు. ఇల్మ్ మాత్రం పూర్తిగా చేతిలో ఉంది.

ఆయన పని చూడటం నాకో సబక్. ముందు విండో హ్యాండిల్. దాని వెనక గుడ్డపేలిక దూర్చి అటూ ఇటూ లాగితే క్లిప్పు టక్కున ఎగిరి పడింది. స్క్రూలు తీసి డోర్ ప్యాడ్ ఊడదీశాడు. లోపల ప్లాస్టిక్ షీటుని చింపకుండా ఒలిచాడు. వాన నీళ్లు సీటు వైపు రాకుండా ఆపేది అదే. అసలు పని ఆ తర్వాత. పగిలిన గాజులో సగం తలుపు పొట్టలోనే ఉంది. షాగిర్ద్ కుర్రాడు వాక్యూమ్ పెట్టి లాగాడు, బ్రష్‌తో మూలలు తుడిచాడు, తలుపు అడుగున నీళ్లు పోయే చిల్లుల్లో ఇరుక్కున్న పలుకులు తీగతో పొడిచి తీశాడు. "వీటిని వదిలేస్తే నీళ్లు నిలిచి తలుపు తుప్పు పడుతుంది. గాడిలో ఒక్క టుక్డా ఉన్నా కొత్త దాన్ని గీసేస్తుంది" అన్నాడు ఉస్తాద్. శీషాని ఏటవాలుగా లోపలికి దించి, అడుగున రెగ్యులేటర్‌కి బిగించి, రబ్బరు గాడిలో కూర్చోబెట్టి, నాలుగుసార్లు పైకీ కిందకీ తిప్పి చూశాకే ప్యాడ్ మూశాడు. గంటన్నర పట్టింది.

కొత్త శీషా తళతళా ఉంది. పాతదాని మీద నల్ల ఫిల్ము జిగురు గీతలు ఉండేవి. అమ్మీ పర్దా కోసం అబ్బా అంటించిన ఫిల్ము అది. మా నానీ రోజుల్లో జనానా ఎక్కితే రిక్షాకి చాదర్ కట్టేవాళ్లు. కారు వచ్చాక ఆ చాదర్ నల్ల ఫిల్ము అయింది. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు కారు అద్దాలకి ఏ ఫిల్మూ అంటించకూడదని తీర్పు ఇచ్చింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చే పక్క అద్దంలోంచి కనీసం సగం వెలుతురు పోవాలని రూలు. అబ్బా బ్లేడు పట్టుకుని ఒక మధ్యాహ్నమంతా గీకాడు. అమ్మీ వారం రోజులు కోపంగా ఉంది. ఇప్పుడు ఆ గీతలు కూడా పోయాయి.

ఇంతలో షాగిర్ద్ ఊడ్చిన ముక్కలు గోనెసంచిలో పోస్తున్నాడు. ఎందుకని అడిగితే, "పాత గాజు కొనేవాళ్లుంటారు సార్" అన్నాడు. పగిలిన గాజు వేస్తే కొత్త గాజు తక్కువ వేడికే కరుగుతుంది, ఇంధనం మిగులుతుంది. ఆ సంచి చూస్తే ఎప్పుడో చదివిన ఒక ఓడ యాద్ వచ్చింది. సుమారు 1025లో ఫాతిమీల ఏలుబడిలోని షామ్ తీరం నుంచి బయలుదేరిన ఓడ ఒకటి ఇప్పటి తుర్కియే నైరుతి తీరంలో సెర్చె లిమాని అనే చోట మునిగింది. 1977 నుంచి 1979 వరకు దాన్ని నీళ్లలోంచి వెలికితీశారు. అందులో దాదాపు మూడు టన్నుల గాజు. ఒక టన్ను దాకా పగిలిన గిన్నెలు, సీసాలు, కార్ఖానా వ్యర్థాలే. కరిగించడానికి తీసుకెళుతున్న సరుకది. అప్పట్లో షామ్ గాజుకి అంత గిరాకీ. 1277లో వెనిస్ వాళ్లు చేసుకున్న ఒక ఒప్పందంలో ట్రిపోలీ నుంచి పగిలిన గాజు ఎగుమతి చేస్తే కట్టాల్సిన సుంకం గురించి కూడా రాసుకున్నారు. ఆ ఓడ ముక్కల్ని ఏళ్ల తరబడి జోడించి ఇప్పుడు బోద్రుమ్ మ్యూజియంలో పెట్టారు.

ఆ ఓడ ఏ కాలానిదో ఎలా తేల్చారంటే, అందులో ఫాతిమీ ఖలీఫాల కాలపు గాజు తూనికరాళ్లు దొరికాయి. వాటి మీది రాతని బట్టి. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, తారీఖ్ అంటే చరిత్ర. చేతిలో సుబూత్ పెట్టుకుని తేదీ తేల్చాకే కథ చెప్పాలని ఆ ఒక్క మాటలో ఉంది.

ఈ సంగతి ఎందుకంటున్నానంటే, ఇంటికొచ్చి ఫోన్ చూసేసరికి మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఆ పగిలిన కిటికీ ఫొటో తిరుగుతోంది. రోడ్డు పక్కన ఆగినప్పుడు మా ఇంటావిడ చెల్లెలికి పంపిందట. కింద ఎవరో రాశారు: "మంగళగిరి దగ్గర మనవాళ్ల కారు మీద రాళ్ల దాడి." అప్పటికే ముగ్గురు ముందుకి పంపేశారు. కోపం వచ్చింది. కానీ ఎవరి మీద కోప్పడను? వాళ్లు రాసింది ఆ రోడ్డు మీద నాకొచ్చిన మొదటి ఖయాలే. దాడులు జరగడం లేదని కాదు, ఎన్నో నేనే రాశాను. అందుకే జరగనిదాన్ని జరిగిందని అనకూడదు. అలా అంటే రేపు నిజంగా జరిగినప్పుడు మన మాట ఎవరు నమ్ముతారు? బద్‌గుమానీ గురించి సూరా హుజురాత్‌లో ఉన్న హెచ్చరిక చిన్నప్పుడే చదివాను. యాద్ చేసుకోవాల్సిన క్షణంలో యాద్ రాలేదు.

గ్రూపులో రాశాను: "ఎవరూ విసరలేదు. గడ్డి కోసే మెషీన్ నుంచి కంకర రాయి ఎగిరింది. ఆ కుర్రాడు తనే పరిగెత్తుకొచ్చి చెప్పాడు. అందరూ ఖైరియత్‌గా ఉన్నాం. ముందుకి పంపినవాళ్లు దయచేసి ఈ మాట కూడా పంపండి." ముగ్గురిలో ఇద్దరు పంపారు. మూడో ఆయనకి ఫోన్ చేశాను. ఆయన ఎవరెవరికి పంపారో అడిగి రాసుకుని, వాళ్లకీ ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. రాత్రి పదకొండయింది.

అమ్మీకి మొత్తం చెప్పాను, రూపర్ట్ బొట్టు దగ్గర నుంచి ఓడ దాకా. ఓపిగ్గా విని, "ఆ పిల్లాడి కూలి కొయ్యలేదు కదా?" అంది. ఎల్లుండి గుంటూరు వెళ్లే పని ఉంది. దారిలో ఆగి కనుక్కుంటాను.