గ్రంథాలయంలో మన కుర్చీ ఎక్కడ? బడి, హాస్టల్, కాలేజీ రీడింగ్ రూంలు ఎలా ఉండాలి

ప్రభుత్వ బడిలో గ్రంథాలయం ఉందా అని అడిగితే ఉందనే చెబుతారు. ఎక్కడ అంటే చాలాచోట్ల హెడ్మాస్టర్ గదిలోని ఇనప బీరువాను చూపిస్తారు. దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికి ఇంకాసేపు పడుతుంది. స్టాక్ రిజిస్టర్ ప్రకారం అక్కడ గ్రంథాలయం ఉన్నట్టే. ఆ బడి పిల్లలు మాత్రం ఆ బీరువా లోపల ఏముందో చూసి ఉండరు.

ఇంట్లో బల్ల, లైటు, తలుపేసుకునే గది ఉన్న విద్యార్థికి గ్రంథాలయం అదనపు సౌకర్యం. ఒకే గదిలో కుటుంబమంతా సర్దుకునే వాడ పిల్లలకు, ట్రంకుపెట్టె మీద నోట్సు రాసుకునే హాస్టల్ విద్యార్థికి కూర్చుని చదువుకునే చోటు అదొక్కటే. అందుకే అర ఎంత ఎత్తులో ఉంది, కుర్చీలు ఎన్ని, లైటు ఎన్నింటిదాకా వెలుగుతుంది అన్న ప్రశ్నలను ఇంజినీర్లకు, కాంట్రాక్టర్లకు వదిలేయలేం. విద్యార్థి సంఘాలు, తల్లిదండ్రుల కమిటీలు ఈ విషయంలో ఏం అడగాలో, ఏ ఆధారంతో అడగాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కూర్చునే చోటుకూ ఒక చరిత్ర ఉంది

సతారా బడిలో చిన్నారి అంబేడ్కర్ తోటి పిల్లలతో కలిసి కూర్చోవడానికి వీల్లేదు. విడిగా ఒక గోనెపట్టా మీద కూర్చోవాలి. బడి ఊడ్చే మనిషి ఆ పట్టాను ముట్టుకోడు కాబట్టి సాయంత్రం దాన్ని ఇంటికి మోసుకెళ్లి, మర్నాడు మళ్లీ తెచ్చుకోవాలి. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఆయనే ఈ సంగతి రాశారు. బడిలోకి రానిచ్చారు గానీ కూర్చునే దగ్గర గీత గీశారు.

అమెరికాలో నల్లజాతి విద్యార్థులకూ ఇలాంటి అనుభవమే ఎదురైంది. వర్జీనియా రాష్ట్రంలోని డాన్‌విల్ పట్టణ గ్రంథాలయంలోకి నల్లవాళ్లను రానివ్వాల్సిందేనని 1960లో కోర్టు ఆదేశించింది. పట్టణ పాలకులు ముందు గ్రంథాలయాన్నే మూసేశారు. తర్వాత తెరిచినప్పుడు లోపల కుర్చీలూ బల్లలూ లేవు. పుస్తకం తీసుకుని నిలబడే చూసుకోవాలి, వెళ్లిపోవాలి. తెల్లవాళ్లు, నల్లవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చోకుండా చేయడమే దాని ఉద్దేశం. 1962లో అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీ గ్రంథాలయంలోనూ కుర్చీలు తీసేశారు. తలుపు తెరవాల్సి వచ్చినప్పుడు వివక్ష ఫర్నిచర్‌లోకి మారిందన్నమాట.

ఆ గోనెపట్టా మీద కూర్చున్న పిల్లవాడే పెద్దయ్యాక 1930ల తొలి ఏళ్లలో ముంబై దాదర్‌లో ‘రాజగృహ’ కట్టించుకున్నారు. ఆ ఇంటి నిర్మాణంలో పుస్తకాలకే ప్రత్యేకంగా చోటు కేటాయించారు. ఆ పుస్తకాల్లో పెద్ద భాగం తర్వాత పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ 1946లో ముంబైలో ప్రారంభించిన సిద్ధార్థ కాలేజీ గ్రంథాలయానికి చేరింది.

చట్టంలో గ్రంథాలయం ఉంది, గది లేదు

విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూల్ ప్రకారం ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలి. అందులో వార్తాపత్రిక, మ్యాగజైన్లు, కథల పుస్తకాలతో సహా అన్ని విషయాల పుస్తకాలూ ఉండాలి. అదే షెడ్యూల్‌లో భవనం గురించి చెప్పేచోట తరగతి గదులు, హెడ్మాస్టర్ గది, మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ ఉన్నాయి. గ్రంథాలయానికి ప్రత్యేక గది మాత్రం లేదు. హెడ్మాస్టర్ గదిలో బీరువాతో సరిపెట్టడానికి దారి ఇక్కడే దొరుకుతోంది.

రాష్ట్రాల పథకాల్లోనూ ఇదే ఖాళీ కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన ‘మన బడి నాడు-నేడు’ అంశాల్లో ఫర్నిచర్, పెయింటింగ్, ప్రహరీ, ఇంగ్లీష్ ల్యాబ్ ఉండేవి. తెలంగాణలో 2022లో మొదలైన ‘మన ఊరు – మన బడి’ 12 అంశాల్లో ఫర్నిచర్, వంటషెడ్డు, భోజనశాల, డిజిటల్ సౌకర్యాలు ఉండేవి. రెండింటిలోనూ గ్రంథాలయం ప్రత్యేక అంశంగా లేకపోయింది. సమగ్ర శిక్ష కింద బడి స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా గ్రంథాలయ గ్రాంటు ఉంది. అది ప్రధానంగా పుస్తకాల కోసం. ఆ పుస్తకాలు ఎక్కడ పెట్టాలి, పిల్లలు ఎక్కడ కూర్చుని చదవాలి అన్న ప్రశ్న మిగిలిపోతోంది.

బీరువాకు తాళం ఎందుకు?

పుస్తకం పోతే తన జీతంలో కోస్తారన్న భయం తాళానికి ప్రధాన కారణం. ఈ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. రిజిస్టర్ మీద సంతకం పెట్టింది టీచరే. అయితే ప్రభుత్వ నిబంధనలు ఈ పరిస్థితిని ఊహించాయి. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు, 2017 ప్రకారం ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన, పాఠకులు సంప్రదించిన ప్రతి 1,000 పుస్తకాలకు 5 పోవడం సహజమైన నష్టం. మోసం గానీ నిర్లక్ష్యం గానీ లేకపోతే చాలు. 1,000 రూపాయల పైబడిన పుస్తకాలు, అరుదైన పుస్తకాలు పోతే మాత్రం విచారణ ఉంటుంది. ఇవి కేంద్ర సంస్థల నియమాలు. మన బడులకూ కాలేజీలకూ ఇదే స్ఫూర్తితో స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలని అడగడం సంఘాల మొదటి డిమాండ్ కావాలి. టీచర్ భయం తీరకుండా తాళం ఊడదు.

పుస్తకాలు ఉన్నవి వాడుకోవడానికే అన్నది ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో మొదటిది. ఆ సూత్రాన్ని వివరిస్తూ ఆయన గ్రంథాలయం ఎక్కడ ఉండాలి, ఎన్ని గంటలు తెరవాలి, ఫర్నిచర్ ఎలా ఉండాలి అన్నవాటినీ చర్చించారు. పాఠకుడే అర దగ్గరికి వెళ్లి పుస్తకం తీసి చూసుకునే ఓపెన్ యాక్సెస్ పద్ధతిని గట్టిగా సమర్థించారు. కౌంటర్ దగ్గర చీటీ రాసి ఇస్తే లోపల్నుంచి తెచ్చిచ్చే పద్ధతిలో, పుస్తకం పేరు ముందే తెలిసినవాళ్లకే పని జరుగుతుంది. ఇంట్లో మొదటి తరం చదువరికి ఏ పుస్తకం అడగాలో చెప్పేవాళ్లు ఉండరు. అరల మధ్య తిరిగి, తిరగేసి, వాటిని తనే కనుక్కోవాలి. ఓపెన్ యాక్సెస్ అవసరం అందరికంటే ఎక్కువ ఆ విద్యార్థికే ఉంది.

ప్రాథమిక బడి: చాప, చిన్న అర

ప్రత్యేక గది లేకపోతే తరగతి గదిలో ఒక మూల చాలు. రెండు గోడలు కలిసేచోట మూడు అడుగుల ఎత్తున్న అరలు, నేల మీద చాప లేదా దుప్పటి ఉంటే సరి. పై అర నాలుగు అడుగులు దాటితే ఒకటో తరగతి పిల్లలకు అందదు. పలచటి కథల పుస్తకాలను వీపులు కనిపించేలా పేర్చితే ఏది ఏమిటో తెలియదు. ముఖచిత్రం కనిపించేలా నిలబెట్టాలి. అందుకు గోడకు కొట్టిన సన్నని చెక్కపట్టీ, లేకపోతే రెండు మేకుల మధ్య కట్టిన తాడు కూడా పనిచేస్తుంది.

కొత్తగా కొనేందుకు డబ్బు లేకపోతే ఉన్న బీరువా తలుపులు విప్పేసి, కింది మూడు అరలు పిల్లలకు, పైవి టీచర్లకు కేటాయించవచ్చు. తలుపులు తీసేముందు బీరువాను గోడకు బిగించాలి. అర పట్టుకుని వేలాడే పిల్లల మీద అది పడే ప్రమాదం ఉంది.

చాప మీద అందరూ ఎక్కడైనా కూర్చోవచ్చు. వరసల్లో పేరు పెట్టి కూర్చోబెట్టే పద్ధతిని ఈ మూలలోకి రానివ్వకూడదు.

హైస్కూలు, గురుకులం, హాస్టల్

ఒక్కో పాఠకుడికి బల్ల, కుర్చీ, నడవడానికి దారి కలిపి సుమారు 25 చదరపు అడుగులు కావాలన్నది గ్రంథాలయ శాస్త్రంలో చాలాకాలంగా వాడుతున్న లెక్క. ఆ ప్రకారం 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పున్న గదిలో 16 మంది హాయిగా కూర్చోగలరు. తరగతిలో 40 మంది ఉంటే అందరికీ కుర్చీలు పట్టవు. మధ్యలో బల్లలు, గోడల వెంట బెంచీలు, ఒక మూల చాప వేస్తే అదే గదిలో తరగతి మొత్తం ఇముడుతుంది.

మూడు అడుగుల అరలో సగటున 30 పుస్తకాలు పడతాయి. అయిదు అరల ర్యాక్‌లో 150. అంటే 1,000 పుస్తకాలకు ఏడు ర్యాకులు కావాలి. అరను మూడు అడుగులకు మించి పొడవు పెడితే బరువుకు మధ్యలో వంగుతుంది. ర్యాక్ కింద అర నేలకు కనీసం నాలుగైదు అంగుళాల ఎత్తులో ఉండాలి. గోడకు ఆనించకుండా కాస్త ఎడం ఇస్తే చెమ్మ, చెదలు తగ్గుతాయి.

హాస్టళ్లలో సమస్య వేరు. చాలాచోట్ల పడుకునే హాలే చదువుకునే హాలు. ఒకరు నిద్రపోవాలంటే ఇంకొకరు లైటు తీయాలి. రీడింగ్ రూం విడిగా కట్టేదాకా భోజనశాలను రాత్రి భోజనాల తర్వాత చదువు గదిగా వాడుకోవచ్చు. బల్లలు ఎలాగూ ఉంటాయి. చక్రాల ర్యాక్ ఒకటి, సరిపడా ట్యూబ్‌లైట్లు, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంటే చాలు. పదో తరగతి, ఇంటర్ పరీక్షల నెలల్లో ఇది ఎంత తేడా తెస్తుందో హాస్టల్లో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2013 నాటి ఉప ప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017 నాటి ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉన్నాయి. ఆ నిధుల వినియోగంపై చర్చ వచ్చిన ప్రతిసారీ హాస్టల్ రీడింగ్ రూంలను నిర్దిష్ట డిమాండ్‌గా పెట్టాలి.

కాలేజీ: గంటలు, కౌంటర్, బుక్ బ్యాంక్

పది నుంచి అయిదు దాకా తెరిచే గ్రంథాలయం క్లాసుల వేళల్లోనే తెరిచి ఉంటుంది. క్లాసు తర్వాత పార్ట్‌టైం పనికి వెళ్లేవాళ్లకు, పల్లె నుంచి బస్సులో వచ్చేవాళ్లకు అది తెరిచినా మూసినట్టే. పుస్తకాల విభాగం, రీడింగ్ రూం రెండింటికీ వేరు వేరు తలుపులు ఉండేలా కడితే, సిబ్బంది వెళ్లాక కూడా ఒక కాపలాదారుతో రీడింగ్ రూం నడపవచ్చు. అమ్మాయిలు రాత్రివేళ వాడుకోవాలంటే హాస్టల్ దాకా దారిలో లైట్లు, రీడింగ్ రూం పక్కనే మరుగుదొడ్డి ఉండాలి.

ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల బుక్ బ్యాంక్ పథకం 1978-79లో ఎస్సీ వైద్య, ఇంజినీరింగ్ విద్యార్థులతో మొదలైంది. ఖరీదైన పాఠ్యపుస్తకాలు అందుబాటులోకి తెచ్చిన మంచి పథకం ఇది. కానీ కొన్ని కాలేజీల్లో ఆ పుస్తకాలకు వేరే బీరువా, వేరే రిజిస్టర్, అట్ట మీద పెద్ద ముద్ర కనిపిస్తాయి. ఆ పుస్తకం చేతిలో ఉంటే చాలు, ఆ విద్యార్థి కులం తరగతి అంతటికీ తెలుస్తుంది. లెక్కల కోసం రిజిస్టర్ వేరుగా ఉండొచ్చు. పుస్తకం మాత్రం అందరికీ ఇచ్చే కౌంటర్ దగ్గరే, అందరి పుస్తకాల్లాగే ఇవ్వాలి. గుర్తు అవసరమైతే లోపలి పేజీలో ఒక నంబర్ సరిపోతుంది.

వికలాంగ విద్యార్థుల కోసం 12 అడుగుల పొడవుకు ఒక అడుగు మించి ఎత్తు పెరగని ర్యాంపు, ర్యాకుల మధ్య కనీసం మూడడుగుల దారి, వీల్‌చైర్ కిందికి దూరే ఎత్తున్న ఒక బల్ల ఉండాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక ఇవి సంస్థల బాధ్యత.

వెలుతురు, నీళ్లు, కళ్లెదుట ఉండే అర

బల్లలను కిటికీల పక్కన, ర్యాకులను లోపలి గోడల వైపు పెట్టాలి. పడమటి ఎండ పుస్తకాలను పాడుచేస్తుంది, మనుషులను లేపేస్తుంది. ట్యూబ్‌లైటు గది మధ్యలో ఒకటి కాకుండా ప్రతి బల్ల మీదా ఉండాలి. లేదంటే రాసేవాళ్ల నీడ కాగితం మీద పడుతుంది.

తాగునీరు గ్రంథాలయం గుమ్మం దగ్గరే, అందరికీ ఒకే కుళాయి, ఒకే గ్లాసులతో ఉండాలి. గోనెపట్టా బడిలో అంబేడ్కర్ ప్యూను లేని రోజు దాహంతోనే ఉండాల్సి వచ్చింది. విద్యాసంస్థలోకి ప్రవేశాన్ని, బహిరంగ స్థలాల్లో ప్రజల వాడకానికి ఉంచిన పాత్రలనూ వస్తువులనూ వాడుకోవడాన్ని దళితులకు, ఆదివాసులకు అడ్డుకుంటే అది అత్యాచారాల నిరోధక చట్టం 2015 సవరణ ప్రకారం నేరం.

కంటి ఎత్తులో ఉన్న అరే ఎక్కువమంది చూసే అర. అంబేడ్కర్, ఫూలే, సావిత్రీబాయి, భాగ్యరెడ్డి వర్మ, జాషువా పుస్తకాలు ఏప్రిల్ 14న బల్ల మీదికి వచ్చి 15న పై అరకు వెళ్లిపోతే ప్రయోజనం లేదు. ఏడాది పొడవునా కంటి ఎత్తులో ఉంచమని అడగడానికి ఒక్క రూపాయి కూడా ఖర్చు కాదు.

మీ గ్రంథాలయాన్ని ఇలా పరిశీలించండి

కాగితం, టేపు పట్టుకుని ఒక పూట కేటాయిస్తే ఈ ప్రశ్నలకు జవాబులు దొరుకుతాయి.

1. పుస్తకాలు విద్యార్థి చేతికి నేరుగా అందుతాయా? తాళం ఎవరి దగ్గరుంది, ఎన్ని గంటలు తెరిచి ఉంటుంది?
2. మొత్తం సీట్లు ఎన్ని, విద్యార్థులు ఎందరు?
3. పై అర ఎత్తు ఎంత? అతి చిన్న విద్యార్థికి అందుతుందా?
4. సాయంత్రం ఆరు తర్వాత ప్రతి బల్ల మీదా చదవగలిగే వెలుతురు ఉందా?
5. నీళ్లు, మరుగుదొడ్డి, ర్యాంపు ఉన్నాయా?
6. బుక్ బ్యాంక్ పుస్తకాలను వేరే చోట, వేరే గుర్తుతో ఇస్తున్నారా?
7. గది ఊడ్చే, అరలు తుడిచే పని పిల్లలకు అప్పగిస్తున్నారా? అది ఎప్పుడూ ఒక కులం పిల్లల మీదే పడుతోందా?
8. గత మూడేళ్లలో వచ్చిన గ్రంథాలయ గ్రాంటు ఎంత, దేనికి ఖర్చు చేశారు?

ఎనిమిదో ప్రశ్నకు సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయాలకు దరఖాస్తు ఫీజు లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు.

మిగతా జవాబులను ప్రభుత్వ బడుల్లోనైతే యాజమాన్య కమిటీ ముందు పెట్టండి. విద్యాహక్కు చట్టం సెక్షన్ 21 ప్రకారం ఆ కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. అణగారిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం చోటివ్వాలి. సెక్షన్ 22 ప్రకారం పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేసేది కూడా ఆ కమిటీయే. వచ్చే ప్రణాళికలో ‘గ్రంథాలయం: తలుపుల్లేని ర్యాకులు, చాపలు, బల్లలు, లైట్లు’ అని ఒక పంక్తి రాయించి, తీర్మానం నకలు తీసుకోండి. కాలేజీల్లో అదే జాబితాను ప్రిన్సిపాల్‌కు, లైబ్రరీ కమిటీకి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.