బొటనవ్రేలి కొండపై డార్విన్

హిందూ మహాసముద్రములోని మారిషస్ ద్వీపమునకు ముఖ్యపట్టణము పోర్టు లూయీ. ఈ రేవునకు వెనుక గోడవలె లేచిన కొండలలో ఒక శిఖరము, నిలువుగా ఎత్తిన బొటనవ్రేలివలె నుండును. ఫ్రెంచివారు దానికి ‘లె పూస్’, అనగా బొటనవ్రేలు, అని పేరు పెట్టిరి. దాని ఎత్తు 812 మీటర్లు. 1836 మే 2వ తేదీన ఇరువదియేడేండ్ల ఆంగ్ల యువకుడొకడు ఆ కొండ నెక్కెను. అతడే ఛార్లెస్ డార్విన్. నాలుగేండ్లకు పైగా సముద్రములపై తిరిగిన ‘బీగిల్’ నౌక, ఇంగ్లండునకు మరలిపోవుచు ఆ రేవులో ఆగినది.

శిఖరమునుండి ఒకవైపు పట్టణము, సముద్రము కనబడును. మరియొకవైపు ద్వీపమధ్యమున విశాలమైన పీఠభూమి కనబడును. అది కోలగా, అడ్డముగా సుమారు 24 కిలోమీటర్ల వెడల్పు కలిగి, క్రొత్త లావాతో ఏర్పడినదని డార్విన్ వర్ణించెను. దాని చుట్టును శిథిలమైన ప్రాచీన బసాల్టు కొండలు వలయముగా నిలిచియున్నవి. ఆ కొండల పొరలన్నియు సముద్రమువైపునకే వాలియున్నవి. ఈ వాలునకు కారణమేమి?

ఆ కాలమున రెండు సమాధానములు ప్రచారములో నుండెను. జర్మన్ భూవిజ్ఞాని లియోపోల్డ్ ఫాన్ బుఖ్ మతము ప్రకారము, చదునుగా పేరుకొన్న లావా పొరలు లోపలి బలముచేత పూరీవలె ఒక్కసారిగా పొంగి, నడుమ పగిలినవి. ఏటవాలుపై పారు లావా గట్టి పొరగా పేరుకొనదని ఆ పక్షమువారి వాదము. రెండవ సమాధానము ప్రకారము, లావా నడిమి శిఖరమునుండి నలువైపులకు పారి, కళ్లములో పోసిన ధాన్యపురాశివలె పెరిగినది. నడిమి భాగము నశింపగా అంచు మిగిలినది.

డార్విన్ మొదటిదానిని త్రోసిపుచ్చెను. రెండవదానినిగూడ నమ్మజాలకపోయెను. అంతటి శిఖరము ఎగిరిపోవుటగాని, పాతాళమున కుంగిపోవుటగాని ఆయనకు సంభావ్యముగా తోచలేదు. కొలది దినములకే ఆయన నల్లయేటి ప్రాంతమునకు పోయి, సముద్రమట్టమునకు పైన నిలిచిన పగడపురాళ్లను పరీక్షించెను. ఆ ప్రయాణములో కొంత దూరము ఏనుగుపై సాగినది. దాని అడుగుల చప్పుడు వినబడకపోవుట ఆయనకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించెను. నేల మెల్లగా పైకి లేచినదనుటకు ఆ రాళ్లు సాక్ష్యములని ఆయన తలచెను. 1844లో ప్రకటించిన అగ్నిపర్వత ద్వీపముల గ్రంథములో ఆయన తన సమాధానమును సూచించెను: ద్వీపము మెల్లగా లేచునపుడు నడిమి భాగముకంటె అంచులు ఎక్కువగా లేచియుండును.

1858లో ఛార్లెస్ లయల్, ఎట్నా పర్వతముపై ఏటవాలులందును లావా గట్టి పొరలుగా ఘనీభవించినట్లు నిరూపించెను. దానితో బుఖ్ వాదమునకు ఆధారము సడలెను. తరువాతి కాలమున రాళ్ల వయస్సును కొలుచు పద్ధతులు వచ్చినవి. మారిషస్‌లోని పాత కొండలు సుమారు 50 నుండి 90 లక్షల సంవత్సరముల నాటివి. పీఠభూమిపై లావా చాలవరకు పది లక్షల సంవత్సరములకు ఇటీవలిది. శిఖరము ఒక్క పేలుడులో మాయము కానవసరము లేదు. కొంత కుంగి, కొంత వానలకు కోసుకొనిపోవుటకు లక్షల సంవత్సరముల వ్యవధి యుండెను. ఆ గుంటను క్రొత్త లావా నింపినది. డార్విన్ నమ్మజాలని సమాధానమే సత్యమునకు దగ్గరైనది.

ఈ కథకు తెలుగుదేశముతోను సంబంధము కలదు. మారిషస్‌ను నిర్మించిన భూగర్భ తాపస్థానమే, సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట భారతభూమి దానిపైగా జరుగుచున్నపుడు, దక్కను లావాలను వెలువరించినదని పెక్కుమంది భూవిజ్ఞానుల అభిప్రాయము. ఆదిలాబాదు ప్రాంతపు నల్లరాయియు, గోదావరీతీరమున కాటేరు, పంగిడి గ్రామములవద్ద కనబడు బసాల్టును ఆ కాలమునకు చెందినవే.

డార్విన్ సమాధానము నిలువలేదు. కాని పొరల వాలును, వలయాకారమును, పాత క్రొత్త లావాల భేదమును గూర్చి ఆయన వ్రాసిన వివరములు నిలిచినవి. తరువాతివారు వేరొక నిర్ణయమునకు వచ్చుటకు ఆ వివరములే తోడ్పడినవి.