షట్టరు బరువు మోసే స్ప్రింగు

ధర్మవరంలో ఒక పట్టుచీరల కొట్టుకు 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు షట్టరు ఉందనుకుందాం. 1.25 మిల్లీమీటర్ల ఇనుప రేకుతో చేస్తే ఒట్టి రేకు బరువే 70 కిలోలు దాటుతుంది. పట్టీల మడతలు, కొసల లాకులు, అడుగున బిగించే పట్టీ కలిపితే ఇంకా పైమాటే. అంత బరువును కొట్లో కుర్రవాడు పొద్దున్నే వంగి, ఒక్క ఊపుతో పైకి తోసేస్తాడు. నిజంగా ఎత్తేది వాడు కాదు. పైన రేకు డబ్బాలో, గొట్టం చుట్టూ, ఎవరి కంటా పడకుండా ఉండే నాలుగైదు స్ప్రింగులు.

షట్టర్లు రాకముందు సీమ బజార్లలో కొట్లకు చెక్కపలకలే తలుపులు. గడప మీద ఒక గాడి, పైదూలానికి ఒక గాడి. పలకలను ఒకదాని పక్కన ఒకటి అందులోకి జరిపి, చివరి పలకకు అడ్డంగా ఇనుపబద్ద వేసి తాళం బిగించేవారు. పలకలకు అంకెలు ఉండేవి. వరస తప్పితే చివరిది పట్టదు. పొద్దున తీసిన పలకలను గోడకు చేరేసేవారు, లేదంటే వాటినే అరుగు మీద పరిచి సరుకు పెట్టుకునేవారు. చవకైన ఏర్పాటే, పాడయ్యేదీ తక్కువే. కానీ చెక్కకు చెదలు పడుతుంది, నిప్పంటుకుంటుంది, గునపం ముందు నిలవదు. వేలకు వేలు ధర పలికే చీరలు లోపల పెట్టుకున్నవాడికి రాత్రి నిద్ర ఎలా పడుతుంది?

చుట్ట చుట్టుకునే ఇనుప తలుపు లండన్ దుకాణాల కోసం పుట్టింది. జోసెఫ్ బన్నెట్ అనే కిటికీ తెరల తయారీదారు 1836లో అక్కడ షట్టర్ల మీద పేటెంటు తీసుకున్నాడు. ఆ తొలి షట్టర్లను పళ్లచక్రాలతో, చేతిపిడి తిప్పుతూ ఎత్తాల్సి వచ్చేది. తరవాత కొన్ని దశాబ్దాలకు క్లార్క్ కంపెనీ తనంతట తానే చుట్టుకునే ఉక్కు షట్టర్లను అమ్మింది. సముద్రానికి అవతల అమెరికాలో స్టివార్ట్ హార్ట్‌షార్న్ 1864లో కిటికీ తెర చుట్టుకునే కర్ర లోపల స్ప్రింగు పెట్టి పేటెంటు పొందాడు. గుడ్డ తెరకు, ఇనుప తలుపుకు బరువులో పోలిక లేదు గానీ కిటుకు ఒకటే. దించేటప్పుడు మనం పెట్టిన బలాన్ని స్ప్రింగు దాచుకుంటుంది, ఎత్తేటప్పుడు తిరిగి ఇచ్చేస్తుంది.

ఈ కిటుకు వెనక ఇంకా పాత కథ ఉంది. స్ప్రింగును ఎంత సాగదీస్తే అంత బలంగా వెనక్కి లాగుతుందన్న సూత్రాన్ని రాబర్ట్ హుక్ 1678లో వివరించాడు. షట్టరుకు ఆ సూత్రం అతికినట్టు సరిపోతుంది. షట్టరు పూర్తిగా దిగినప్పుడు వేలాడే బరువు ఎక్కువ, స్ప్రింగు బిగువూ అప్పుడే ఎక్కువ. పైకి పోయేకొద్దీ పట్టీలు గొట్టానికి చుట్టుకుని వేలాడే బరువు తగ్గుతుంది, బిగువూ తగ్గుతుంది. సూత్రం తెలిస్తే చాలదు, దానికి తగ్గ ఉక్కు కావాలి. 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాలవాడు మంచి స్ప్రింగు దొరక్క విసిగి, మూసల్లో ఉక్కు కరిగించే పద్ధతి కనిపెట్టాడు. షెఫీల్డ్ ఉక్కుకు పేరు తెచ్చింది అదే.

కారు షెడ్డు తలుపు మాత్రం అమెరికాది. సి.జి. జాన్సన్ 1921లో పైకి లేచే గ్యారేజి తలుపు చేశాడు. 1926లో దానికి కరెంటు మోటారూ పెట్టాడు. మన దగ్గర కార్లకు గేటే అలవాటు, షట్టరు దుకాణానికే. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఆ కార్ల చక్రాల దగ్గర కుదుపు కాచే స్ప్రింగులూ ఈ వంశానివే. ఒక చిత్రం ఉంది. కారు స్ప్రింగును నొక్కితే లోపలి తీగ మెలి తిరుగుతుంది. షట్టరు స్ప్రింగును మెలితిప్పితే తీగ వంగుతుంది.

ఆ వంగడమే దాని ఆయుష్షు తినేస్తుంది. అమెరికా గ్యారేజి స్ప్రింగుకు మామూలుగా 10,000 సార్లు ఎత్తి దించే ఆయుష్షు చెబుతారు. మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరిచే కొట్టు రోజుకు రెండుసార్లు దించుతుంది. ఆ లెక్కన 13 ఏళ్లు దాటి రావాలి. సముద్రం ఒడ్డున అయితే ఉప్పుగాలికి ముందే తుప్పు పడుతుంది. హిందూపురం లాంటి సీమ ఊళ్లలో గాలి పొడిది, కాబట్టి అక్కడ తుప్పు కన్నా దుమ్ము శత్రువు. పక్క గాళ్లలో దుమ్ము పేరుకుంటే షట్టరు పట్టేస్తుంది, మనం గట్టిగా గుంజుతాం. స్ప్రింగు తెగడం ఎక్కువగా తీగ కొసను వంచి బిగించిన చోటే జరుగుతుంది.

ఇక ఖర్చు. కేంద్ర ప్రజాపనుల శాఖ నిబంధనల్లో షట్టరుకు 27.5 సెంటీమీటర్ల పొడవు తీగ స్ప్రింగులు, అవీ ఐఎస్ 4454 ప్రమాణం ఉక్కుతో చేసినవి ఉండాలని రాసి ఉంటుంది. వైశాల్యం 10 చదరపు మీటర్లు దాటితే చేత్తో తోసేది వదిలి గొలుసు, పిడి పెట్టించుకోవాలి. బజారులో ఈ ప్రమాణం సంగతి అడిగేవాళ్లు తక్కువ, తూకం చూసి కొనేవాళ్లే ఎక్కువ. స్ప్రింగు ఒక్కోటి కొన్ని వందల్లోనే వస్తుంది. కూలే బరువు. షట్టరు విప్పి, గొట్టం దించి, పాతవి తీసి, కొత్తవి ఎక్కించి, గ్రీజు పూసి, మళ్లీ బిగువు తిప్పి నిలబెట్టడానికి ఇద్దరికి సగం రోజు పడుతుంది. మామూలు కొట్టు షట్టరుకు అన్నీ కలిపి వెయ్యిన్నర నుంచి మూడు వేల దాకా అవుతుంది. ఇదే పని డల్లాస్‌లో ఉన్న మన అబ్బాయి ఇంటి గ్యారేజికి చేయిస్తే 200 నుంచి 400 డాలర్లు. తేడా ఇనుములో లేదు, మనిషి గంటకు కట్టే వెలలో ఉంది.

“ఒక్కటే కదన్నా తెగింది, అదొక్కటే మార్చు” అనడం కొట్టువాళ్లకు మామూలు. మేస్త్రీ ఒప్పుకోకపోతే తిట్టుకోకండి. మిగతావీ అదే రోజు బిగించినవి, అన్నేళ్లూ అంతే వంగినవి. కొత్తదాని పక్కన అవి ఎక్కువ కాలం ఆగవు, కూలి రెండోసారి కట్టాలి. డబ్బు మిగలాలంటే అన్నీ ఒకేసారి మార్పించడమే మేలు.

బిగించి ఉన్న స్ప్రింగు బోల్టును ఇంట్లోవాళ్లు సొంతంగా విప్పొద్దు. గొట్టం ఒక్కసారి గిర్రున తిరిగిందంటే పానా ఎగిరి ముఖానికి తగులుతుంది. షట్టరు ఇదివరకటి కన్నా బరువెక్కినట్టు అనిపించినా, సగంలో నిలవకుండా జారినా ఇద్దరు ముగ్గురు కలిసి గుంజకుండా ఆ రోజే మేస్త్రీని పిలిపించండి. ఆలోగా దాని కింద పిల్లల్ని నిలబడనివ్వకండి.