రోషం లేదా?

అమరకోశంలో కోపం, క్రోధం, అమర్షం, రోషం ఒకే వరసలో వస్తాయి. 'రుష్' ధాతువుకు కోపగించుకోవడమనే అర్థం. హిందీ పత్రికలు ఇవాళ్టికీ ప్రజాగ్రహాన్ని జనరోష్ అని కూడా రాస్తాయి. మన పాత కావ్యాల్లోనూ రోషమంటే కోపమే. నోటిమాటలో మాత్రం తెలుగు రోషం ఆ వరస వదిలి ఎప్పుడో లేచొచ్చేసింది.

"ఆయనకు నా మీద కోపం" అంటాం, "నా మీద రోషం" అనం. కోపానికి ఎదుట మనిషి కావాలి, రోషానికి మనలోనే ఏదో చురుక్కుమనాలి. కోపిష్ఠి అంటే నింద, రోషగాడంటే సగం మెచ్చుకోలు. కోపం వచ్చి పోయేది. రోషం ఉప్పూ కారం తినే ఒంట్లో ఉండితీరాల్సింది. అందుకే "రోషం లేదా?" అన్నది ప్రశ్న కాదు, తిట్టు. పరీక్ష తప్పిన కొడుకుతో తల్లి "ఆ మాత్రం రోషం ఉంటే ఈపాటికి గట్టెక్కేవాడివి" అంటుంది. ఎవరి మీద కోపగించుకోమని? ఎవరి మీదా కాదు.

పెళ్లిబంతిలో గారెలు వడ్డించే కుర్రాడు చూసుకోక ఒక పెద్దాయన విస్తరి దాటిపోతాడు. "ఇటు రా బాబూ" అంటే సరిపోయేది. ఆయన అనడు. మజ్జిగ దాకా ఆగకుండా ఆకు మడిచి లేస్తాడు. ఆడపెళ్లివారు కంగారుగా వెంటపడితే "అబ్బే, కడుపు నిండిందండీ" అంటాడు, నవ్వుతూనే. ఆ మొహంలో కోపం వెతికినా దొరకదు.

రోషానికి పౌరుషం జంటమాట కావడం నాకెప్పుడూ నచ్చలేదు. 'పురుష' శబ్దంలోంచి వచ్చిన ఆ మాట తనతో మీసాన్ని కూడా లాక్కొచ్చింది. పుట్టింటివాళ్లను ఒక్క మాట అన్నందుకు ఒంటిమీది నగలన్నీ ఒలిచి అత్తగారి ముందు పెట్టిన కోడలికి ఏ మీసం ఉంది? ఆమెను రోషగత్తె అంటాం.

1982లో తెలుగుదేశం పెట్టిన ఎన్టీఆర్ వేదికల మీద 'ఆత్మగౌరవం' అన్నారు. సభకు తగిన మాటే. అరుగు మీదికి దిగితే దానికి రోషం కంటే దగ్గరి మాట లేదు.

కోపాన్ని దిగమింగుతాం, రోషాన్ని చంపుకుంటాం. ఒకసారి మాటపడి వచ్చిన గడపనే పిల్లల ఫీజు కోసం మళ్లీ తొక్కినవాడు "రోషం చంపుకుని వెళ్లానండీ" అంటాడు. మర్నాడు అదే మనిషిని "కాస్త రోషం తెచ్చుకోండి" అని పెళ్లాం సాధిస్తుంది, అదేదో సంతలో దొరికే సరుకైనట్టు.